టీచరమ్మ ఇంటి పన్ను

నోటీసు ఇచ్చిన మనిషి బండి ఎక్కి సందు మలుపు తిరిగిపోయినా స్నేహలత గేటు దగ్గరే నిలబడి ఉంది. కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అంకె మారలేదు.

"ఏమండీ! ఒకసారి ఇలా రండి."

సుందరయ్య నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. భార్య భుజం మీదనుంచి కాగితంలోకి తొంగిచూసి, నోట్లో ఉన్న నురగ గుటుక్కున మింగేశాడు.

"ఇది మనది కాదే. మెయిన్ రోడ్డు మీద కల్యాణమండపం వాళ్ళదయ్యుంటుంది. వాడెవడో గుమ్మం తప్పి మనకిచ్చిపోయాడు."

"పేర్లు మనిద్దరివేనండి. ఇంటి నంబరూ మనదే."

"అయితే ఓ సున్నా ఎక్కువ పడుంటుంది."

"సున్నాలు బాగానే పడ్డాయి. ఇదిగో, ఈ మాట చూడండి. వాడకం నివాసేతరం అట."

"అంటే?"

"నివాసం కానిది. ఇది ఇల్లు కాదు అని."

సుందరయ్య వెనక్కి తిరిగి ఇంటివంక చూశాడు. రెండు చిన్న గదులు, వెనక వంటిల్లు, ముందు ఇంత పొడుగు వరండా, వరండాలో తీగ మీద ఆరేసిన తన లుంగీ. అన్నీ నిన్న ఉన్నచోటే ఉన్నాయి.

"ఇల్లు కాకపోతే మరి మనం ఇన్నేళ్ళబట్టీ ఉంటున్నదెక్కడే?"

స్నేహలత కాగితం మళ్ళీ మొదట్నుంచీ చదివింది. పోయినేడు కట్టిన ఇంటి పన్నుకి ఇది అయిదింతలు. పాత సంవత్సరాల తేడా కూడా కలిపి కట్టమని కింద ఇంకో వరస. సుందరయ్యకొచ్చే పెన్షను రెండు నెలలది ముట్టుకోకుండా తీసిపెట్టినా ఒక విడతకి చాలదు.

పక్కింటి రాఘవమ్మ అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చేసింది. పొద్దుటిపూట తన వీధిగదిలో ఇడ్లీ, అట్టు వేసి అమ్ముతుంది. వీధిలో ఏ కబురైనా ఆవిడ పెనం వేడెక్కేలోపు ఆవిడకి చేరుతుంది.

"మాకూ పెరిగింది టీచరమ్మా. వీధి వీధంతా పెరిగింది. సిమెంటు రోడ్డేశారు కదా, దాంతో స్థలం రేటు పెరిగిందట, రేటు పెరిగింది కాబట్టి పన్నూ పెరిగిందట. నేనేమన్నా ఆ సిమెంటు నంజుకు తింటున్నానా? ఏదీ, నీదెంతో చూడనీ." చూసి అట్లకాడ కింద పడేసింది. "ఓలమ్మో! ఏం చేశారే మీరు?"

"మేమేం చేశామక్కా!"

"ఏదో చేసే ఉంటారు. ఉత్తపుణ్యాన ఇంతెందుకేస్తారు?" అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళు ఇల్లు చూడ్డానికొస్తే మాత్రం నాకు ముందుగా ఓ కేకెయ్యి. పెనం లోపలికి తీసేసుకుంటా. మాది ఉత్త ఇల్లనే రాసుంది."

ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది.

వీధంతా టీచరమ్మ అంటారు గానీ స్నేహలత ఏ బళ్ళోనూ ఉద్యోగం చెయ్యలేదు. పుట్టింది తెనాలి పక్కనే, సంగం జాగర్లమూడిలో. అమ్మానాన్నా కూలికెళ్ళేవాళ్ళు. పదో తరగతి పాసై టీచరు ట్రైనింగుకి రాస్తే సీటొచ్చింది. ఆ వేసవిలోనే తెనాలి సంబంధం కుదిరింది. "చదివిస్తామండి, దానికేముంది," అన్నారు సుందరయ్య తరపువాళ్ళు. మాట మీద నిలబడేవాళ్ళే. కానీ పెళ్ళైన నెల తిరక్కుండానే అత్తగారు బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ట్రైనింగు క్లాసులు మొదలైన రోజున స్నేహలత ఆవిడ మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. వచ్చే ఏడు వెళ్దువుగానిలే అన్నారు. వచ్చే ఏటికి కడుపులో కరుణ ఉంది. ఆ కరుణ ఇప్పుడు రేపల్లెలో కాపురం చేసుకుంటోంది. ఆ సీటు మాత్రం ఎవరికి పోయిందో తెలీదు. ఆవిడ ఎప్పుడూ దాన్ని గురించి ఎవరినీ దెప్పలేదు, సుందరయ్యని కూడా.

సుందరయ్య బాపట్ల వ్యవసాయ కాలేజీలో ల్యాబు అటెండరుగా చేసేవాడు. తెల్లారి రైలుకి వెళ్ళి పొద్దుగూకే రైలుకి వచ్చేవాడు. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. అలా జరిగిపోతుండగా ఓ ఏడు లూథరన్ చర్చి పైకప్పు కురవడం మొదలెట్టింది. మరమ్మతు పెట్టారు. "అమ్మా స్నేహలతా, ఓ రెండు మూడు ఆదివారాలు ఈ పిల్లల్ని మీ వరండాలో కూర్చోబెట్టుకో," అన్నారు అప్పటి పాస్టరుగారు. అప్పుడు వాళ్ళది అద్దె ఇల్లు. చర్చి కప్పు బాగుపడింది గానీ పిల్లలు తిరిగి వెళ్ళలేదు. పాస్టర్లు మారారు, అద్దె ఇళ్ళు మారాయి, పిల్లలు ఆవిడ వెనకాలే ఒక వరండానుంచి ఇంకో వరండాకి వచ్చారు. చివరికి సొంతిల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీతో పోట్లాడి ఓ గది తీయించేసి వరండా పెంచింది. "ఇల్లు కడుతున్నానా, రైల్వే ప్లాట్‌ఫారం కడుతున్నానా?" అని మేస్త్రీ విసుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆ ప్లాట్‌ఫారం నిండిపోతుంది. పాటలు, ఓ కథ, బైబిల్లోంచి ఓ కంఠతా వాక్యం. వాక్యం నేర్చుకోవాలంటే చదవడం రావాలి కదా! రానివాళ్ళకి అక్షరాలు కూడా నేర్పుతుంది. అలా చర్చి పిల్లలతోపాటు వీధిలోవాళ్ళూ వచ్చి చేరారు. రాఘవమ్మ మనవలిద్దరూ అక్కడే అఆలు దిద్దారు. ఇప్పుడు నలభై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా బజార్లో ఎదురైతే "టీచరమ్మా బాగున్నారాండి" అని బండి దిగి పలకరిస్తారు.

మర్నాడు ఇద్దరూ నోటీసు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళారు. ఇళ్ళ వివరాలు రాసుకునే అమ్మాయి సంధ్యారాణి. నిజాంపట్నం పిల్ల. నాన్న పడవ మీద వేటకెళ్తాడు. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం ఈ అమ్మాయిదే. రోజూ రేపల్లె దాకా బస్సులో వచ్చి అక్కడ తెనాలి రైలెక్కుతుంది. ఆమధ్య సర్వేకని ఇంటికొచ్చినప్పుడు స్నేహలతే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"ఏంటమ్మా సంధ్యా, మా ఇల్లు ఇల్లు కాదన్నారట?"

"అదేంటండీ, మీరే కదా స్కూలన్నారు?"

"నేనా!"

"మీరేనండి. ఈ బెంచీలేంటమ్మా అని అడిగాను. స్కూలమ్మా అన్నారు. ఎన్నాళ్ళబట్టండీ అంటే, మా కరుణ పుట్టినప్పట్నుంచీ అన్నారు. పిల్లలెంతమందండీ అంటే, అరవై మందికి తక్కువుండరు అన్నారు."

"అన్నాను," అంది స్నేహలత మెల్లగా.

"ఫీజెంతండీ అంటే, ఫీజెక్కడిదమ్మా, కానుక పడతాం అన్నారు. డొనేషనా అండీ అని కూడా అడిగాను."

స్నేహలత నోటీసుని నాలుగు మడతలు పెట్టింది.

"నువ్వేమన్నావే?" అన్నాడు సుందరయ్య.

"అలాంటిదేలేమ్మా అన్నానండి."

"ఇంకా అడిగాను. సిలబస్సేంటండీ అని..."

"పన్నుకి సిలబస్సెందుకమ్మాయ్?" అన్నాడు సుందరయ్య.

"పన్నుకి కాదండి. మా తమ్ముణ్ణి ఈసారి తెనాల్లో చేర్పిద్దామని నా కోసం అడిగాను. వేసవిలో అయితే వీబీఎస్ పెడతాం, అంతా వాళ్ళు పంపిన పుస్తకం ప్రకారమే అన్నారు. సీబీఎస్ఈ ఉంది కదండీ, అలాగే ఇదోటి కొత్తగా వచ్చిందనుకున్నాను."

సుందరయ్య ఆ బల్ల మీదే తల వాల్చేశాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో పక్క కౌంటరువాళ్ళకి అర్థం కాలేదు.

"ఓసి నా తల్లీ," అంది స్నేహలత, "అది సండే స్కూలు! ఆదివారం పూట చర్చి పిల్లలకి పాటలూ కథలూ చెప్పేది. వీబీఎస్ అంటే ఎండాకాలం సెలవుల్లో ఓ పది రోజులు పెట్టే అదే బడి. కానుకంటే పిల్లలు గుప్పిట్లో తెచ్చే రూపాయి బిళ్ళ. అది చర్చి డబ్బాలో పడుతుంది, నా కొంగున కాదు."

సంధ్యారాణి మొహం తెల్లబోయింది. "మరి మీరు సండే అన్లేదేంటండీ?"

నిజమే, అన్లేదు. ఆ ఇంట్లో ఎవరూ అనరు. 'స్కూలుకి టైమైంది', 'స్కూల్లో చాపలు దులపండి', 'వర్షమొచ్చేట్టుంది, ఇవాళ స్కూలుంటుందో ఉండదో'. ఇన్నేళ్ళలో ముందున్న ఆ చిన్న మాట ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ చూసుకోలేదు. తన నోటితో తనే తన ఇంటిని ఇల్లు కాకుండా చేసుకుంది. నిన్నటినుంచీ ఆఫీసునీ, ఆఫీసు కంప్యూటర్నీ తిట్టుకుంటోంది. తీరా చూస్తే, తిట్టడానికి అక్కడెవరూ లేరు.

"మేడమ్, ఇది నా మీదకొస్తుందాండి?" అంది సంధ్యారాణి.

"నీకేంటమ్మా, నేను చెప్పిందే నువ్వు రాశావు. ముందు కాసిని మంచినీళ్ళు తాగు," అని తన సీసా ఇచ్చింది స్నేహలత. నిజానికి ఆ నీళ్ళు తనకే కావాలి.

అర్జీ పెడితే ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చి చూస్తారని సంధ్యారాణి చెప్పింది. పెట్టి వచ్చారు.

ఈలోగా బాపట్లనుంచి స్నేహలత అన్నయ్య జార్జి దిగాడు. చర్చి కమిటీలో ఉన్న మనిషి. ఏ చిక్కునైనా కాఫీ తాగేలోపు విప్పేస్తాడని పేరు. కాఫీ సగంలో ఉండగానే గ్లాసు కింద పెట్టాడు.

"దీనికింత కంగారేంటి బావా? ప్రార్థన చేసుకునే చోటుకి పన్నుండదు. స్కూలు కాదు, మందిరం అని రాయించండి."

"మందిరమని ఎలా రాస్తార్రా? నేను ఉంటున్నాను కదా లోపల, లుంగీ కట్టుకుని!"

"అందుకే, ఇల్లు చర్చి సంఘం పేరున రాసిచ్చెయ్యండి. పన్ను సున్నా. ఉన్నన్నాళ్ళూ మీరిద్దరూ ఇక్కడే ఉండొచ్చు, ఎవరొద్దంటారు?"

సుందరయ్య తన కాఫీ గ్లాసు కూడా కింద పెట్టేశాడు.

"పన్ను ఎక్కువైందంటే ఇల్లే ఇచ్చెయ్యమంటావు," అన్నాడు సుందరయ్య. "భలే చెప్పావు. ముందు బాపట్లలో నీ మేడ రాసివ్వు, దాని మీద కూడా పన్ను పడుతోందిగా!"

"మాది వేరు బావా. మా ఇంటికి పిల్లలు రారు."

"రాకేం! నిన్ను చూస్తే భయం, అంతే."

ఇద్దరూ నవ్వారు గానీ స్నేహలత నవ్వలేదు. 'ఉన్నన్నాళ్ళూ' అన్న మాట ఆవిడ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. తన ఇంట్లో తను ఉండటానికి ఇంకొకరు పర్మిషనివ్వడమేంటి? అన్నయ్య మంచికే చెప్పాడు. అందుకే ఆవిడకి మరీ భయమేసింది.

ఇన్‌స్పెక్టరు బసవేశ్వరరావు ఓ గురువారం వచ్చాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, మెడచుట్టూ చేతిరుమాలు, ఎండకి ఎర్రబడ్డ మొహం. వెనకాలే టేపు పట్టుకుని సంధ్యారాణి. సుందరయ్య గేటు తీస్తూ గట్టిగా, "రండి సార్! ఇన్‌స్పెక్టరుగారూ, రండి సార్!" అన్నాడు. పక్కింట్లో దబ్బుమని ఏదో ఇనుపసామాను కిందపడింది.

"అట్టు వాసనొస్తోందే," అన్నాడు బసవేశ్వరరావు ముక్కు ఎగబీలుస్తూ.

"మా ఇంట్లోనండి," అంది రాఘవమ్మ గోడమీదనుంచి తల పెట్టి. "మాకు అట్లంటే ప్రాణం. మొత్తం ఇంటిల్లిపాదికీనండి."

ఆయన అటు చూడకుండా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. గోడవారగా నాలుగు బెంచీలు. వాటిమీద సుందరయ్య పొద్దున్నే పనిగట్టుకుని పరిచిన ఎండుమిరపకాయలు. "ఏదమ్మా స్కూలు?"

"ఎక్కడిదండీ స్కూలు?" అన్నాడు సుందరయ్య. "చూడండి, మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నాం."

బసవేశ్వరరావు నవ్వాడు. "సంధ్యారాణి అంతా చెప్పిందిలెండి. ఆదివారం ఒక్కపూటే కదా! ఓ కాగితం రాసివ్వండి. ఇక్కడ ఎటువంటి బోధనా జరగడం లేదు, నివాసానికి మాత్రమే వాడుకుంటున్నాం అని. వచ్చే విడతకల్లా పాత లెక్కలోకి మార్పించేస్తాను. అయితే ఒకటమ్మా. అలా సంతకం పెట్టాక మళ్ళీ ఇక్కడ పిల్లలు కూర్చుని ఉండగా ఎవరో ఒకరు ఫోటో తీసి పైకి పంపారనుకోండి, మీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది. ఆపెయ్యండి. ఈ వయసులో మీకు మాత్రం ఎందుకు ఈ శ్రమ?"

సుందరయ్య ఆ కాగితం ముందే రాసి జేబులో పెట్టుకున్నాడేమో అన్నంత త్వరగా రాసేశాడు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. తను సంతకం పెట్టి పెన్ను భార్యకి ఇచ్చాడు.

స్నేహలత చదివింది. 'ఎటువంటి బోధనా జరగడం లేదు' దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. బసవేశ్వరరావు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. రాఘవమ్మ గోడమీద ఇంకాస్త పైకొచ్చింది.

"ఈ మాట తీసెయ్యండి," అంది స్నేహలత.

"ఆ మాటే కదమ్మా కావాల్సింది."

"అది అబద్ధం కదండి."

"అబద్ధమేంటే!" అన్నాడు సుందరయ్య. "ఇవాళ గురువారం. ఇవాళ ఇక్కడేమన్నా జరుగుతోందా? ఇవాళ్టికి నిజమే. సంతకం పెట్టు."

ఆవిడ ఆయన వంక చూడలేదు. సంధ్యారాణిని అడిగింది. "అమ్మాయ్, మీ కంప్యూటర్లో మా ఇంటికి స్కూలని ఉందన్నావే. ఇది ఇస్తే అది పోతుందా?"

"పోతుందండి. మొత్తం తీసేస్తారు."

"మళ్ళీ ఎక్కడా ఉండదా?"

"ఉండదండి."

స్నేహలత పెన్నుకి మూత పెట్టింది. ఆ మూత సరిగా పట్టలేదు, రెండోసారి నొక్కింది. సుందరయ్యకి ఆ వేళ్ళ సంగతి తెలుసు. జాకెట్టు కొలత తేడా వచ్చినప్పుడు కుట్టంతా విప్పేసే ముందు అవి అలాగే నిదానంగా కదులుతాయి.

"ఇల్లంతా స్కూలు కాదు కదండీ," అంది ఆవిడ. "వంటింట్లో నేనెవరికీ చదువు చెప్పను. గదుల్లో ఈయన గురక తప్ప ఏం లేదు. వరండా వరకు స్కూలని ఉంచి, మిగతాదంతా ఇల్లని రాయండి. అలా కుదురుతుందా?"

బసవేశ్వరరావు సంధ్యారాణి వంక చూశాడు, సంధ్యారాణి ఆయన వంక చూసింది.

"కుదురుతుందమ్మా. ఎంత మేరకి వాడితే అంత మేరకే. కానీ ఉత్తపుణ్యాన... ఒక్క సంతకంతో పోయేదానికి..."

"ఎంత పడుతుందండి?"

ఆయన వరండా అటునుంచి ఇటు కళ్ళతో కొలిచి మనసులో లెక్కేశాడు. "మామూలుగా మీకు పడాల్సినదాని మీద ఇంకో సగం."

"కడతాను."

"ఏం పెట్టి కడతావే?" సుందరయ్య గొంతు కీచుమంది.

"మిషను అటక మీదుంది, దింపండి. జాకెట్లు కుడతాను. ఇప్పుడు కుట్టుకూలి మునుపటిలా లేదు, బాగా ఇస్తున్నారు."

"నీ కళ్ళకి దారం ఎక్కుతుందా?"

"మీరెక్కిస్తారు."

సుందరయ్య కొయ్యబారిపోయాడు. బాపట్ల రైలు తప్పిపోయిన రోజున కూడా అంత అయోమయంగా నిలబడలేదు. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాడు. ఆ ట్రైనింగు సీటు గురించి ఒక్కసారి నోరెత్తి అడగలేదు ఈవిడ. బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఇప్పుడు, ఈ వయసులో, గవర్నమెంటువాళ్ళని నిలబెట్టి పన్ను అడుగుతోంది.

"నా సర్వీసులో తగ్గించమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూశాను," అన్నాడు బసవేశ్వరరావు. "చీపురు తీసుకుని వెంటపడ్డవాళ్ళని చూశాను. ఉంచమన్నవాళ్ళని చూళ్ళేదమ్మా, ఇదే మొదలు."

"టీచరమ్మా, పిచ్చేమన్నా ఎక్కిందా నీకు?" అని కేకేసింది రాఘవమ్మ గోడమీదనుంచి. "పెట్టవే సంతకం!"

"పెడితే రేపాదివారంనుంచి నీ మనవరాలికి గుణింతాలు నువ్వు చెప్పుకోవాలక్కా. చెప్తావా?"

రాఘవమ్మ తల గోడ వెనక్కి దిగిపోయింది.

సుందరయ్య రాసిన కాగితాన్ని స్నేహలత మడిచి ఆయన జేబులోనే పెట్టింది. వేరే కాగితం మీద తనే రాసింది, బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, పెద్దగా. సంతకం పెట్టింది. ఈసారి పెన్ను ఆయనకి ఇచ్చింది. ఆయన దాన్ని కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. భార్య మొహంలోకి చూశాడు. బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. ఆదివారం పొద్దున చాపలు పరిచి పిల్లలకోసం వీధివైపు చూసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. "ఇది మాత్రం పొరపాటున చెప్పింది కాదన్నమాట," అని గొణిగి సంతకం పెట్టేశాడు.

ఇక కొలవడమే మిగిలింది. మిరపకాయలు బుట్టలోకి ఎత్తారు. సంధ్యారాణి టేపు ఒక కొస పట్టుకుంది, రెండో కొస స్నేహలత తీసుకుంది. పొడుగు చూశారు, వెడల్పు చూశారు. బసవేశ్వరరావు రాసుకున్నాడు.

"మెట్టు కూడా కలపండి," అంది స్నేహలత. "చంటిపిల్లలు మెట్టు మీదే కూర్చుంటారు."

"మెట్టొద్దు!" అని అరిచాడు సుందరయ్య. అరిచి ఊరుకోలేదు. గబగబా వెళ్ళి ఆ మెట్టు మీద, ఇటు చివరనుంచి అటు చివరకి వచ్చేలా కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"మెట్లకి పన్నుండదండీ," అంది సంధ్యారాణి.

"లేకపోతే సరే," అన్నాడు గానీ, వాళ్ళిద్దరూ టేపు చుట్టుకుని గేటు దాటేదాకా లేవలేదు.